లోపలి జేబులో గీతలు

కత్తెరమ్మ చెయ్యి వణికిందన్న వార్త మధ్యాహ్నం టీ వేళకల్లా దుకాణమంతా పాకింది. మిషన్ల మీద ఉన్నవాళ్లందరూ ఒకసారి తలలెత్తి చూసి, ఏమీ ఎరగనట్టు మళ్లీ కుట్టుకోసాగారు. ఏమీ ఎరగనట్టు ఉండడం కూడా ఒక విద్యే. అది వాళ్లలో ఒక్కరికీ రాదు.

కోట్లు, ప్యాంట్లు కుట్టే ఆ దుకాణంలో గుడ్డ కోసే బల్ల కత్తెరమ్మది. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆమెదే. ఆడమనిషికి కటింగు అప్పజెప్పడమేమిటని అప్పట్లో ముక్కున వేలేసుకున్నవాళ్లే, ఆర్నెల్లు తిరక్కుండా తమ కోట్లు ఆవిడే కోయాలని పట్టుబట్టారు. మనిషి గుమ్మంలో అడుగుపెట్టగానే ఏ భుజం ఎత్తో, ఏ భుజం పల్లమో ఆమెకు తెలిసిపోయేది. ఆ తర్వాత టేపు పెట్టి కొలిచేది వచ్చినవాళ్ల తృప్తి కోసమే. నల్లగుడ్డ మీద సుద్ద పెట్టి, బల్ల ఈ చివరి నుంచి ఆ చివరికి ఒక్క ఊపులో గీత లాగేది. అనుమానం కొద్దీ ఆ గీతకు స్కేలు ఆనించి చూసినవాళ్లు చివరికి స్కేలునే అనుమానించారు. చెయ్యి తిరిగిన మనిషి అనే మాట చాలామందిని చూసి అంటాం గానీ, అది ఇలాంటివాళ్ల కోసం పుట్టిన మాట.

అలాంటి చెయ్యి విరిగింది. పై అరలోంచి బట్టల తాను దించబోయి ఆమె స్టూలు మీద నుంచి పడింది. ఆ స్టూలుకు కాళ్లు నాలుగున్నా నేలను తాకేవి మూడే. కుడి మణికట్టుకు ఆరు వారాలు కట్టు వేశారు. కట్టు విప్పాక డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి చూసి, ఎముక బ్రహ్మాండంగా అతుక్కుందన్నాడు. ఆమె మర్నాడే దుకాణానికి వచ్చి, ఎవరిదో ప్యాంటు గుడ్డ పరిచి, సుద్ద పెట్టింది. గీత సగం దూరం వెళ్లి వణికింది. దులిపేసి మళ్లీ గీసింది. మళ్లీ అక్కడే వణికింది. మొండితనం కొద్దీ అలాగే కోసేసింది. ప్యాంటుకు ఒక కాలు అంగుళం పొట్టి అయింది.

సాయంత్రం చిన్న యజమాని బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. అతను పెద్ద యజమాని కొడుకు. నడక రాకముందే ఆ బల్ల కాళ్లు పట్టుకుని లేచి నిలబడినవాడు. దుకాణం చేతికొచ్చాక కూడా ఆమెను అత్తా అనే పిలుస్తాడు.

"అత్తా, కొన్నాళ్లు మీరు గుండీలకు కాజాలు కుట్టే బల్ల దగ్గర కూర్చోండి. తేలిక పని. హాయిగా కూర్చుని చేసుకోవచ్చు."

"కూర్చుంటానని నేను నిన్నడిగానా?"

"అడగలేదు. కానీ ఆ పొట్టి కాలు..."

"పొట్టి కాలే కనబడిందా? రెండో కాలు సరిగ్గా ఉంది కదా, అదీ నేనే కోశాను."

మిషన్ల వైపు నుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. చిన్న యజమాని నవ్వలేదు. అతని కళ్లు ఆమె మణికట్టు దగ్గరికి వచ్చి, అక్కడ నిలవలేక నేల మీదికి జారాయి.

"వచ్చే వారం లాయరు గారి కోటు కోయాలి," అన్నాడు చివరికి. "మీరే కోయండి. ఆ కోటు తిరిగి రాకపోతే మీకు ఓపికున్నన్నాళ్లూ ఈ బల్ల మీదే. తిరిగొస్తే మాత్రం..."

"తిరిగొస్తే నేనే లేచి కాజాల దగ్గరికి వెళ్తాను. నీ చేత చెప్పించుకోను."

ఇంటికెళ్లిన కోటు తిరిగి రావడమంటే ఆ దుకాణంలో కోసినవాళ్లకు తలవంపు. కత్తెరమ్మ కోసిన కోటు ఇన్నేళ్లలో ఒక్కటి కూడా తిరిగి రాలేదు. పైగా ఆ లాయరు గారు మామూలు గిరాకీ కాదు. నలభై ఏళ్లుగా కేసుల కాగితాలున్న బరువు సంచీ ఎడమ భుజానికి తగిలించుకుని తిరిగీ తిరిగీ ఆయన ఎడమ భుజం కిందికి దిగిపోయింది. సగం కుట్టాక ఒకసారి వేసి చూసుకోవడానికి రమ్మంటే, కోర్టు వదలడం లేదంటారు. కోత ఎలా వస్తే కోటు అలాగే వెళ్లాలి.

ఆమె ధైర్యం ఎక్కడికీ పోలేదు. పోయింది చేతిలోని నమ్మకమే. ఆ రెంటికీ తేడా ఏమిటో ఆమెకు మొదటిసారి తెలిసింది, తెలిసినందుకు ఒళ్లు మండింది.

చేతికి వ్యాయామాలు చేయించే డాక్టరమ్మ ముప్పై దాటని మనిషి. రబ్బరు బంతి పిసికించింది, పిడికిలి మూయించి తెరిపించింది, ఆ తర్వాత ఒక కాగితం ఇచ్చి గీత గీయమంది. గీత వణికింది.

"మీ చేతికి బలం తక్కువేం లేదండీ. గీత అనేసరికి భయపడుతోంది, అంతే." డాక్టరమ్మ సొరుగులోంచి అరచెయ్యంత అట్టముక్కలు కొన్ని, ఒక నల్లపెన్ను తీసి ముందు పెట్టింది. "రోజూ సాయంత్రం ఒక్క ముక్క నింపండి."

"బొమ్మలా? నాకు పిల్లి బొమ్మ వేయడం కూడా రాదు."

"పిల్లులూ కుక్కలూ ఏం వద్దు. చుక్క పెట్టడం, గీత గీయడం, సున్నా చుట్టడం వస్తే చాలు. నాలుగు మూలలా నాలుగు చుక్కలు పెట్టండి. వాటిని కలపండి. మధ్యలో ఒక గీతను దాని ఇష్టం వచ్చినట్టు పోనివ్వండి. అట్ట నాలుగైదు గదులవుతుంది కదా, ఒక్కో గదిలో ఒక్కో రకం నింపుకుంటూ పోవడమే. ఒకదాంట్లో సున్నాలు, ఒకదాంట్లో అలలు, ఇంకోదాంట్లో చేప పొలుసులు. చివరికి ఏమవుతుందో ముందుగా ఆలోచించకండి. ఇప్పుడు గీస్తున్న గీతనే చూడండి."

"చెరిపే రబ్బరు ఇవ్వలేదు."

"ఉండదు."

"మరి తప్పు పోతే?"

"అదే తప్పు పక్కన ఇంకో మూడుసార్లు చేయండి. డిజైనైపోతుంది."

కత్తెరమ్మ ఆమె ముఖంలోకి జాలిగా చూసింది. "మా పనిలో ఒక తప్పు ఇంకో మూడుసార్లు చేస్తే కోటు కాదమ్మా, మసిగుడ్డలవుతాయి."

"అందుకేగా, మీ పని కాకుండా ఈ పని చేయమంటున్నాను."

ఆ సాయంత్రం భోజనాల బల్ల మీద దీపం కింద అట్టముక్క పెట్టింది. నాలుగు చుక్కలు పెట్టి, ఒక వైపు గీత గీసి, లేచి, బల్ల రెండో వైపుకు నడిచి, అక్కడి నుంచి రెండో గీత గీసింది. మళ్లీ నడిచింది. ఆమె భర్త ముప్పై ఏళ్లు సిటీ బస్సు నడిపి ఈ మధ్యే ఇంటిపట్టున ఉంటున్న డ్రైవరు. రేడియో గొంతు తగ్గించి కాసేపు చూశాడు.

"గానుగెద్దులా ఆ తిరగడమేంటి?"

"గుడ్డను కదపకూడదు. కదిపితే కోత పోతుంది. మనమే చుట్టూ తిరగాలి."

"గుడ్డేది? అది అట్టముక్క. అరచెయ్యంత ఉంది. దాన్నే తిప్పుకోవచ్చుగా?"

"ముప్పై ఏళ్లు బస్సు నడిపారు. మలుపొస్తే మీరెప్పుడైనా రోడ్డును తిప్పారా?"

డ్రైవరు రేడియో గొంతు మళ్లీ పెంచుకున్నాడు.

అయినా ఆ మాట ఆమెలో పనిచేసింది. మూడో రోజుకు కూర్చుని, ఎవరూ చూడకుండా అట్టను వేలితో కొంచెం తిప్పి చూసింది. గీత దానంతట అదే చేతి కిందికి వచ్చింది. ఇంత సుఖముందని ఇన్నేళ్లూ తెలియనందుకు కాళ్ల మీద జాలి కలిగింది.

రెండో అలవాటు మాత్రం పోలేదు. సున్నా చుట్టినా, ఆకు వేసినా దాని చుట్టూ సన్నని సందు వదిలి రెండో గీత గీసేది. కోటు ఏ ముక్క కోసినా కుట్టుకోసం మార్జిన్ వదలాలి కదా. అట్ట మీది సున్నాలను ఎవరూ కుట్టబోవడం లేదని బుర్రకు తెలుసు, చేతికి తెలియదు. అందుకని ఆమె సున్నాలు ఒకదానికొకటి తగలకుండా, దేని అంచు దానికి పెట్టుకుని పెద్దమనుషుల్లా కూర్చునేవి. డాక్టరమ్మ అది చూసి, ఇలా ఎవరూ గీయరండీ, ఎంత బాగుందో అని అట్టను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి మరీ చూసింది. కత్తెరమ్మ అది పొగడ్తో కాదో తేల్చుకోలేకపోయింది.

అందం గురించి అబద్ధమెందుకు, మొదటి మూడు అట్టలూ కోడి కెలికినట్టే ఉన్నాయి. నాలుగో అట్ట మీద ఒక గీత మధ్యలో వణికింది. ఆమె పళ్లు నూరి, సరే కానీ అనుకుని, దాని కింద అలాగే వణికిస్తూ ఇంకో గీత గీసింది. ఇంకొకటి, ఇంకొకటి. నాలుగూ కలిసి గాలికి కదిలే నీళ్లలా తయారయ్యాయి. విచిత్రమేమిటంటే, కావాలని వణికించబోతే చెయ్యి సరిగ్గా వణకలేదు. నాలుగో గీత దాదాపు నున్నగా వచ్చింది. ఆమె పెన్ను పక్కన పెట్టి చెయ్యి వంక చూసుకుంది. దొంగ దొరికాడు అనుకుంది.

ఇంకో సంగతీ బయటపడింది. బల్ల మీద గీత లాగేటప్పుడు ఆమె కళ్లెప్పుడూ గీత చేరవలసిన చివర మీద ఉండేవి. చెయ్యి ఆ చూపు వెంట పరిగెత్తేది. కిందపడ్డాక ఆ చివర ఆమెకు స్టూలు మీద నుంచి కనబడే నేలలా దూరంగా కనబడుతోంది. అట్ట మీద దూరమే లేదు. పెన్ను ములుకు ఎక్కడుంటే అక్కడే చూడాలి. ఒక చిన్న గీత, దాని పక్కన ఇంకో చిన్న గీత. నిదానమే ప్రధానం అని మిషన్ల మీదివాళ్లకు ఇరవై ఎనిమిదేళ్లుగా చెబుతున్న మనిషి, ఆ మాట తనకూ వర్తిస్తుందని అరవైకి దగ్గర పడ్డాక తెలుసుకుంది.

వారం తిరిగేసరికి ఎనిమిది అట్టలు నిండాయి. తొమ్మిదోది డ్రైవరు లాక్కుని, మొదటి వరస నుంచి చివరి వరస దాకా బస్సు కిటికీలతో నింపాడు. ఒక్క కిటికీ నల్లగా పూసేసి, "ఈ సీట్లో మనిషున్నాడు" అన్నాడు. పొయ్యి మీది టీ మరిగి మరిగి ఎండిపోయిందని ఇద్దరూ ఆలస్యంగా గమనించారు.

కోటు కోయవలసిన రోజు వచ్చింది. నల్లగుడ్డ బల్ల మీద నున్నగా పరిచి ఉంది. చిన్న యజమాని పాత కొలతల పుస్తకం తెరిచి పక్కన పెట్టాడు. ఎడమ భుజం అర అంగుళం కిందికి అని అందులో రాసి ఉంది. కత్తెరమ్మ పుస్తకం మూసేసింది.

"ఇప్పుడు ముప్పావు. మొన్న గుడ్డ ఇవ్వడానికి వచ్చినప్పుడు చూశాను. సంచీ బరువు పెరిగినట్టుంది."

"కొలవలేదు కదా అత్తా?"

"చూశానన్నానుగా."

సుద్ద పట్టుకుని భుజం గీత మొదలుపెట్టింది. రెండంగుళాలు వెళ్లేసరికి వేళ్ల చివర్లలో మళ్లీ అదే వణుకు. మిషన్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. అంతమంది గుండెలు గుప్పెట్లో పెట్టుకుని చూస్తుంటే రాయి చెయ్యైనా వణుకుతుంది. ఆమె సుద్ద కింద పెట్టింది. చుట్టూ చూసి, జేబులు కుట్టే తెల్లగుడ్డ ముక్క ఒకటి, లెక్కలు రాసే పెన్నూ తీసుకుని, గిరాకీలు కూర్చునే కుర్చీ లాక్కుని కూర్చుంది. నాలుగు మూలలా నాలుగు చుక్కలు పెట్టింది.

"అత్తా, ఏం చేస్తున్నారు?"

"గీస్తున్నాను."

"కోటు?"

"అదెక్కడికీ పారిపోదు. నువ్వూ పారిపోకు, కూర్చో."

సున్నాలు, వాటి చుట్టూ అంచులు. అలలు. చేప పొలుసులు. కటింగు బల్ల దగ్గర ఆవిడ కూర్చోగా చూడడం అందరికీ అదే మొదలు. పావుగంట అలా గీసింది. చిన్న యజమాని గోడ గడియారం వైపు ఎన్నిసార్లు చూశాడో లెక్కలేదు. చూసీ చూసీ విసుగొచ్చి మిషన్లవాళ్లు ఒక్కొక్కరే పనిలో పడ్డారు. దుకాణం మళ్లీ చప్పుడుతో నిండాక ఆమె లేచి, సుద్ద తీసుకుని, ఆ చివరికి చూడకుండా సుద్ద అంచునే చూస్తూ గీసింది. ఊపులేదు. నత్త నడిచినట్టు నడిచింది గీత. కానీ ఎక్కడా తప్పిపోలేదు. ముప్పావు అంగుళం కిందికి భుజం దిగింది, చంక తిరిగింది, మార్జిన్ పడింది. తర్వాత కత్తెర అందుకుంది. తడబడకుండా సాగే ఆ కత్తెర చప్పుడు రెండు నెలలుగా దుకాణంలో ఎవరూ వినలేదు. వింటూ ఉంటే అందరికీ ప్రాణం లేచి వచ్చింది.

తెల్లగుడ్డ ముక్కను ఆమె అక్కడే మరిచిపోయింది.

కోటు తయారై వెళ్లింది. ఒక రోజు గడిచింది, రెండు రోజులు గడిచాయి. చిన్న యజమాని కొంచెం తేలికగా ఊపిరి తీసుకుంటున్నాడు. మూడో రోజు పదింటికి లాయరు గారు కోటును మడిచి చేతి మీద వేసుకుని గుమ్మంలో నిలబడ్డారు.

చిన్న యజమాని ముఖంలో నెత్తురుచుక్క లేదు. "తేడా వచ్చిందాండీ?" అన్నాడు.

"చిన్న పని ఉంది."

కత్తెరమ్మ బల్ల వెనక నుంచి ముందుకొచ్చింది. గీసిన గీత ఆమెకు గుర్తుంది. ప్రతి అంగుళం గుర్తుంది. "ముందు వేసుకోండి లాయరు గారూ," అంది.

ఆయన వేసుకున్నారు. ఆమె ఆయన చుట్టూ ఒకసారి తిరిగింది. కాలరు మెడకు అంటిపెట్టుకుంది. ఎడమ భుజం మీద ముడత లేదు, కుడి భుజం మీదా లేదు. అసలు ఆయనకు ఒక భుజం పల్లమని చెబితే ఎవరూ నమ్మరు.

"పనేమిటో నాకు కనబడడం లేదు," అంది ఆమె.

"కోటుకేం, దివ్యంగా ఉంది. ఇది చూడండి." లాయరు గారు ఎడమ వైపు లోపలి జేబులో చెయ్యి పెట్టి, గుడ్డను బయటికి తిరగేశారు. తెల్లటి జేబు గుడ్డ నిండా సున్నాలు, సున్నాల చుట్టూ అంచులు, అలలు, చేప పొలుసులు. "నిన్న కోర్టులో తాళంచెవి కోసం వెతుకుతుంటే ఇది బయటపడింది."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, మూల మిషన్ మీద జేబులు కుట్టే అక్క కళ్లద్దాలు తీసి గబగబా తుడుచుకోవడం మొదలుపెట్టింది. దుకాణంలో జేబులన్నీ ఆవిడవే, అందుకే అందరికీ జేబులక్క. "తెల్లగుడ్డే కదా అనుకున్నాను," అంది గొణుగుతూ. "నాకు గీతలు కనబళ్లేదు."

"ఇవి గీసిందెవరు?" అడిగారు లాయరు గారు.

చిన్న యజమాని ఏదో సర్దిచెప్పబోయాడు. కత్తెరమ్మ అడ్డం వచ్చింది. "నేనే గీశాను. జేబులోకి వెళ్తుందని గీయలేదు. చెయ్యి కుదురుకోవడానికి గీశాను."

లాయరు గారు సంచీలోంచి ఒక ఫైలు తీసి బల్ల మీద తెరిచారు. వాదనల పాయింట్లు రాసుకున్న ప్రతి కాగితం అంచునా మెట్లు, సున్నాలు, త్రికోణాలు కిక్కిరిసి ఉన్నాయి. "నలభై ఏళ్లుగా ఇదే పని. నేను శ్రద్ధగా నోట్సు రాసుకుంటున్నానని జడ్జీలు అనుకుంటారు. ఇది లేకపోతే వాదించడానికి లేచేసరికి నా మోకాళ్లు వణుకుతాయమ్మా. ఇంట్లోవాళ్లకు కూడా ఎప్పుడూ చెప్పలేదు." నవ్వారు. "కుడి జేబు తెల్లగా బోసిగా ఉంది. ఆ లోపం దిద్దించుకోవడానికే వచ్చాను."

ఆయన సాయంత్రం వస్తానని కోటు వదిలి వెళ్లారు. కత్తెరమ్మ కోటును బల్ల మీద పరిచి చిన్న యజమాని వైపు తిరిగింది.

"బాబూ, కోటు తిరిగొచ్చింది. మాటంటే మాటే. కాజాల బల్ల దగ్గర నాకు చోటెక్కడ?"

వేళాకోళమే. కానీ అతను దానికి నవ్వలేకపోయాడు. బట్టల తానులు పెట్టే లోపలి గదిలోకి వెళ్లాడు. తిరిగొచ్చేటప్పుడు చేతిలో ఒక స్టూలు ఉంది. కొత్తది. దాని మీద అప్పుడే రెండు నెలల దుమ్ము పేరుకుని ఉంది.

"మీరు పడ్డ వారమే చేయించాను," అన్నాడు. "ఇవ్వడానికి మొహం చెల్లలేదు. ఆ పాతదాని కాలు ఊగుతోందని మూడుసార్లు చెప్పారు మీరు. రేపు రేపంటూ నేనే వాయిదా వేశాను. తప్పు నాది అత్తా. మీ చెయ్యి చూసినప్పుడల్లా అదే గుర్తొచ్చి, మిమ్మల్ని దూరంగా కూర్చోబెడదామనుకున్నాను."

ఆమెకు ఆ సంగతి మొదటి రోజునే తెలుసు. అతని నోట వినాలనుకుంది, అంతే. విన్నాక రెండు నెలల కోపం ఎక్కడికి పోయిందో ఆమెకే తెలియలేదు.

"దుమ్ము తుడువు," అంది.

అతను చొక్కా చేత్తోనే తుడిచి స్టూలును కటింగు బల్ల పక్కన వేశాడు. "గీయాలంటే కూర్చోవాలిగా," అన్నాడు.

కత్తెరమ్మ స్టూలును కాలితో ఒకసారి అటు, ఒకసారి ఇటు నెట్టి చూసింది. నాలుగు కాళ్లూ నేల మీదే ఉన్నాయి. కూర్చుంది. కోటు కుడి జేబు కుట్టు విప్పి, తెల్లగుడ్డను బల్ల మీద చదునుగా పరుచుకుని, పెన్ను తీసి, మూలల్లో చుక్కలు పెట్టసాగింది. మూడో చుక్క దగ్గర చెయ్యి కొంచెం వణికి చుక్క కాస్తా చిన్న గీతయింది. ఆమె దాని పక్కనే అలాంటివే ఇంకో మూడు గీసింది.